సేవకు చోటెక్కడ?

"ప్రజలకు పనికివచ్చే పని ఏదైనా చెయ్యాలని వున్నది. ఎక్కడికి వెళ్లాలి, ఎవర్ని అడగాలి?" అని కాలేజీ కుర్రవాళ్లూ, ఉద్యోగాలు విరమించినవాళ్లూ నన్ను తరచు అడుగుతూ వుంటారు. దీనికి పెద్దలు మామూలుగా చెప్పే జవాబు "మనసుంటే మార్గం వుంటుంది" అని. ఈ జవాబు చెప్పినవాడికి సుఖంగా వుంటుంది గాని, అడిగినవాడికి దారి చూపదు. పైగా దాని వెనక ఒక నింద కూడా దాగి వున్నది: దారి దొరకలేదంటే నీకు మనసు లేదన్నమాట!

నేను ఈ నిందను ఒప్పుకోను. తెలుగుదేశంలో సేవ చెయ్యాలనే కోరికకు ఏ కాలంలోనూ కరువు లేదు. ఆ కోరికకు పని చూపించగల సంఘాలు కొన్ని కాలాల్లో వున్నాయి, కొన్ని కాలాల్లో లేకపోయాయి. తేడా అక్కడ వున్నది. ఈ సంగతి చరిత్ర ఆధారంగా పరిశీలించటం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు నా అనుభవం ఒకటి చెప్పాలి. చదువుకునే రోజుల్లో ఇదే ప్రశ్నతో నేను మా పట్టణంలో ఒక సేవాసంస్థ గడప ఎక్కాను. మరునాడు ఉదయం ఆస్పత్రికి రమ్మన్నారు. వెళ్లాను. రోగికి ఒక్కొక్క అరటిపండు చొప్పున పంచాం, ఫోటో తీయించుకున్నాం, అరగంటలో కార్యక్రమం ముగిసింది. తిరిగి వచ్చేస్తూంటే మంచం మీద వున్న ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని, "బాబూ, పండు సరే, ఈ చీటీలో డాక్టరుగారు ఏం రాశాడో కాస్త చదివి చెప్పవా నాయనా?" అన్నది. చదివి చెప్పాను. ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో రెండుసార్లు చెప్పించుకుని, మూడోసారి తనే నాకు అప్పజెప్పింది. ఆ పూట నేను చేసిన సేవ అదొక్కటే. కాని ఆ సంస్థవారి కార్యక్రమంలో అది లేదు. రోజూ ఒక గంట ఆస్పత్రిలో కూర్చుని చీటీలు చదివిపెట్టే మనిషి అవసరమని వాళ్లకు తట్టలేదు. తట్టకపోవటానికి కారణం వాళ్లు చెడ్డవాళ్లు కావటం కాదు. వాళ్లు ఇవ్వదలచుకున్నదాన్ని గురించే ఆలోచించారు, రోగులకు కావలసినదాన్ని ఎన్నడూ అడగలేదు.

దానానికీ సేవకూ వున్న భేదం ఇది. పాతకాలపు మన సమాజంలో దానానికి లోటు లేదు. సత్రాలు కట్టించారు, చెరువులు తవ్వించారు, అన్నదానాలు చేశారు. అవి ఇచ్చేవాడి పుణ్యానికీ పేరుకూ ముడిపడి వుండేవి. పుచ్చుకునేవాడికి అందులో మాట లేదు. పక్కన నిలబడి చూసే మూడోమనిషికి, అంటే ఇవ్వటానికి డబ్బు లేకపోయినా పనిచెయ్యటానికి రెండు చేతులున్న మామూలు మనిషికి, అందులో చోటే లేదు.

ఆ మూడోమనిషికి చోటు చూపించినవి పందొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో పుట్టిన సంఘాలు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆ ఘట్టాన్ని గురించి చెప్పేటప్పుడు మనం పంతులుగారి ధైర్యాన్ని పొగిడి ఊరుకుంటాం. కాని పంతులుగారి వెనక నిలబడ్డవాళ్లలో విద్యార్థులు వున్నారనే సంగతి గమనించాలి. బంధువులు వెలివేస్తామంటున్నా, పురోహితులు మొహం చాటేసినా, పెళ్లి ఏర్పాట్లకూ కాపలాకూ ఆ కుర్రవాళ్లు నిలబడ్డారు. వాళ్లు సేవకు చోటు వెతుక్కుంటూ ఎక్కడికీ పోలేదు. వాళ్ల తెలుగు పండితుడే వాళ్లకు పని చూపించాడు.

అయితే ఒక గొప్ప మనిషి చుట్టూ చేరిన గుంపు ఆ మనిషితోనే పలచబడుతుంది. ఎవరు వచ్చినా పని దొరికే ఏర్పాటు కావాలి. తెలుగుదేశంలో అటువంటి ఏర్పాటును విస్తారంగా చేసి చూపించింది గ్రంథాలయోద్యమం.

1901లో హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. కొమర్రాజు లక్ష్మణరావుగారు దానికి ముఖ్య ప్రేరకులు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వచ్చింది. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో పర్యటించి ఉపన్యాసాలిచ్చిన తర్వాత, స్వదేశీ ఉద్రేకం తలకెక్కిన యువకులకు రోజువారీ పని ఒకటి కావలసి వచ్చింది. ఉపన్యాసం ఒక సాయంత్రంతో అయిపోతుంది. మర్నాడు పొద్దున ఏం చెయ్యాలి? బెజవాడలో 1911లో ఏర్పడిన రామమోహన ధర్మ పుస్తక భాండాగారం వంటివి ఈ ప్రశ్నకు జవాబిచ్చాయి. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి ఆంధ్రదేశ గ్రంథభాండాగారాల సంఘం ఏర్పడింది. ఈ పనికి జీవితం ధారపోసిన అయ్యంకి వెంకటరమణయ్యగారు మరుసటి సంవత్సరం నుంచి 'గ్రంథాలయ సర్వస్వము' పత్రికను నడిపారు.

ఈ తేదీలు మన పాఠకులకు తెలియనివి కావు. నేను చూడమంటున్నది వేరే విషయం. ఊరి గ్రంథాలయం ఒక మామూలు యువకుడికి ఏం పని ఇచ్చింది? పుస్తకాలకు అట్టలు వెయ్యటం, పద్దు రాయటం, సాయంత్రం దీపం వెలిగించి తలుపు తియ్యటం, ఇల్లిల్లూ తిరిగి చందాలు, పాత పుస్తకాలు పోగుచెయ్యటం, చదువురానివాళ్ల ఎదట కూర్చుని పత్రిక పైకి చదవటం, రాత్రి బడిలో అక్షరాలు దిద్దించటం. ఇందులో ఏ ఒక్కటీ గొప్ప పని కాదు. అందువల్లనే ఎవడైనా చెయ్యగలిగాడు. ఉపన్యాసం చెప్పలేనివాడు పద్దు రాశాడు. పద్దు రాయలేనివాడు దీపం వెలిగించాడు.

నా ఉద్దేశంలో ఈ ఉద్యమం నిలబడటానికి మూడు కారణాలున్నాయి. మొదటిది, తలుపు తెరిచివుండే చోటు: ఫలానా వేళకు ఫలానా గదికి వెళితే ఎవరో ఒకరు వుంటారనే నమ్మకం. రెండోది, పని చిన్నచిన్న పాళ్లుగా పంచబడి వుండటం. మూడోది, లెక్క. చందా ఇచ్చినవాడు సభ్యుడు. సభ్యుడికి జమాఖర్చు అడిగే హక్కు వున్నది. ఈ మూడింటిలో ఏది లోపించినా సేవాభావం ఎంతటిదైనా కొద్దికాలంలో ఇంకిపోతుంది.

వేటపాలెం సారస్వత నికేతనం దీనికి మంచి నిదర్శనం. అది 1918లో అక్కడి హిందూ యువజన సంఘం కుర్రవాళ్లు పెట్టుకున్న గ్రంథాలయం. 1929లో గాంధీగారు దాని భవనానికి శంకుస్థాపన చేశారనేది అందరూ చెప్పుకునే మాట. కాని ఆ గ్రంథాలయాన్ని పరిశోధకులకు పుణ్యక్షేత్రం చేసినది శంకుస్థాపన కాదు. పాత పత్రికలను పారెయ్యకుండా, ఏటికేడు బైండు చేసి, చెదలనుంచీ తేమనుంచీ కాపాడిన చేతులు దాన్ని అంతటిదాన్ని చేశాయి. మన సాహిత్య చరిత్ర రాసేవాళ్లు ఆ చేతులకు రుణపడి వున్నారు.

చోటు మనుషుల దగ్గరకు కదిలిపోయిన సందర్భం కూడా వున్నది. గుంటూరు జిల్లా పెదపాలెంలో పాతూరి నాగభూషణంగారు సేవాశ్రమ గ్రంథాలయం నడిపేవారు. 1935 అక్టోబరులో అక్కడివాళ్లు పడవలో పుస్తకాలు పెట్టి కొల్లూరు, పెదవడ్లపూడిల మధ్య కాలవ మీద తిప్పారు. పడవ ప్రయాణం నెమ్మదిగా సాగుతుంది, ప్రయాణికుడికి కావలసినంత తీరిక వుంటుంది. ఆ తీరికను చూసి అక్కడికి పుస్తకం చేర్చారు. సంస్థ తన గదిలో కూర్చుని "జనం రావటం లేదు" అని వాపోవటానికి ఇది పూర్తిగా విరుద్ధమైన పద్ధతి. కాలవనూ పడవనూ తీరికనూ ఎరిగిన స్థానికులకే ఈ ఆలోచన వస్తుంది.

నిజాం రాజ్యంలో పరిస్థితి వేరు. అక్కడ పుస్తకం చదవటమే అనుమానించదగ్గ పని. 1921 నవంబరులో హైదరాబాదు సంఘసంస్కరణ సభలో తెలుగులో మాట్లాడబోయిన ఆలంపల్లి వెంకటరామారావుగారిని గేలిచేసిన ఫలితంగా ఆంధ్రజనసంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావుగారు మొదలైనవారు దాని ద్వారా గ్రామాల్లో గ్రంథాలయాలు పెట్టించటం ముఖ్యమైన పనిగా పెట్టుకున్నారు. సభ జరపాలంటే గస్తీ నిషాన్ 53 కింద సర్కారు అనుమతి కావాలి. ప్రైవేటు బడి పెట్టాలన్నా అనుమతి కావాలి. ఇటువంటిచోట గ్రంథాలయంలో కూర్చుని పత్రిక చదివిపెట్టటం కేవలం కాలక్షేపం కాదు. ఆ గదుల్లోంచి 1930 జోగిపేట ఆంధ్రమహాసభకు మనుషులు వచ్చారు. తర్వాతి పోరాటాలకూ వచ్చారు. వట్టికోట ఆళ్వారుస్వామి జీవితం చూస్తే చాలు. ఇతరుల ఇళ్లలో వంటపని చేసి, హోటల్లో సర్వరుగా పనిచేసి, చదువు సంపాదించుకుని, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊళ్లు తిరిగిన మనిషి ఆయన. సేవ పొందవలసిన స్థితిలో పుట్టినవాడు సేవ చేసేవాడుగా మారటం, ఆ తర్వాత ప్రజల మనిషిగా నిలబడటం ఇక్కడ మనకు కనిపిస్తుంది. ఏ సేవాసంస్థ విలువనైనా కొలవటానికి ఇంతకంటే మంచి కొలబద్ద నాకు తెలియదు. దాని వల్ల లాభం పొందినవాళ్లలో ఎందరు దాన్ని నడిపేవాళ్లయ్యారు?

ఈ కొలబద్దతో చూసినప్పుడు గ్రంథాలయోద్యమం లోపాలు కూడా బయటపడతాయి. వాటిని కప్పిపుచ్చటం చరిత్రకారుడి పని కాదు. ఊరి మధ్య రచ్చసావడిలోనో, దేవాలయం పక్కనో వున్న గది "అందరిదీ" అన్నంత మాత్రాన అందరూ అందులోకి అడుగుపెట్టగలిగారా? అస్పృశ్యులని ఊరు వెలివేసిన కులాలవారికి ఆ గడప దాటటం సులభమైన పని కాదు. అందువల్ల వాళ్లు తమ సంస్థలు తామే కట్టుకోవలసి వచ్చింది. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథల ద్వారా చైతన్యం కలిగించటం మొదలుపెట్టాడు. 1911లో మాన్యసంఘం పెట్టాడు. పిల్లలకు బడులు తెరిపించాడు. 1917లో బెజవాడలో జరిగిన తొలి ఆది ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించినది ఆయనే. గ్రంథాలయ మహాసభ జరిగిన ఊళ్లోనే, మూడేళ్లకు, ఈ దేశపు మొదటి పౌరులం మేమే అని వాళ్లు వేరే సభ పెట్టుకోవలసి వచ్చిందంటే, "అందరికీ తెరిచిన తలుపు" ఎంతవరకు తెరుచుకున్నదో ఆలోచించవలసి వున్నది.

స్త్రీల సంగతీ అంతే. 1923లో కాకినాడ కాంగ్రెసు నాటికి దుర్గాబాయికి పద్నాలుగేళ్లు. అంతకుముందే ఆమె బాలికలకు, స్త్రీలకు హిందీ నేర్పే పాఠశాల నడుపుతున్నది. సభల ప్రాంగణంలోని ఖద్దరు ప్రదర్శన వద్ద వలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని జవాహర్లాల్ నెహ్రూను లోపలికి వెళ్లనివ్వకుండా ఆపింది. టిక్కెట్టు కొన్న తర్వాతనే పంపింది. ఈ కథను మనం ముచ్చటగా చెప్పుకుంటాం. నాకు మాత్రం ఇందులో ముచ్చట కంటె ముఖ్యమైన విషయం కనిపిస్తుంది. ఆ పిల్లకు అప్పజెప్పిన పని స్పష్టంగా వున్నది, ఆ పని మీద ఆమెకు పూర్తి అధికారం వున్నది. వలంటీరంటే పెద్దవాళ్లు వచ్చినప్పుడు దండ అందించే మనిషి కాదని ఆమెకు తెలుసు. తర్వాతి కాలంలో, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళాసభను స్థాపించిన శక్తికి బీజం ఇటువంటి అనుభవాల్లోనే వున్నది.

స్వాతంత్య్రం వచ్చిన తర్వాత గ్రంథాలయాల బాధ్యతను ప్రభుత్వం తీసుకోవాలనే న్యాయమైన కోరిక నెరవేరింది. 1948లో మద్రాసు గ్రంథాలయ చట్టం, 1955లో హైదరాబాదు చట్టం, 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చాయి. ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలు చెయ్యటం మొదలయింది. ఇది ఉద్యమ విజయమే. దాతల దయమీద బతికినది ప్రజల హక్కు అయింది. కాని గెలుపుతో పాటు ఒక నష్టం కూడా జరిగింది. జీతానికి వచ్చిన గ్రంథపాలకుడికి తాళంచెవి ఇచ్చారు, మంచిదే. నిన్నటిదాకా దీపం వెలిగించిన కుర్రవాణ్ణి ఇంటికి పంపారు. అతను ఊరి పెద్దల్లో ఒకడుగా, సభ్యుడుగా ప్రశ్నలడిగే హక్కు కూడా జారిపోయింది. వసూలయిన పన్నును స్థానిక సంస్థలు గ్రంథాలయాలకు జమచెయ్యటం లేదనే ఫిర్యాదు ఏళ్ల తరబడి వింటున్నాం. అడిగే సభ్యులు వుంటే ఆ ఫిర్యాదు అంతకాలం ఫిర్యాదుగానే వుండిపోయేదా?

సర్కారూ వలంటీర్లూ కలిసి పనిచెయ్యలేరని మాత్రం దీని అర్థం కాదు. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ మొదలయింది. 1990లో కేరళలోని ఎర్నాకుళం జిల్లా సంపూర్ణ అక్షరాస్యత సాధించింది. ఆ ఉత్సాహం నెల్లూరుకు వచ్చింది. 1991 ప్రాంతాన ఆ జిల్లాలో రాత్రిపూట లాంతర్ల వెలుగులో వేలాది యువతీ యువకులు పాఠాలు చెప్పారు. జనవిజ్ఞాన వేదిక వంటి సంస్థలు పల్లెపల్లెకూ కళాజాతాలు నడిపాయి. చదువుకునే ఆడవాళ్ల వాచకంలో, ఊరి స్త్రీలు ఏకమై సారా దుకాణం మూయించిన కథ ఒకటి వున్నది. దూబగుంట ఆడవాళ్లు ఆ కథను పాఠంగా చదివి ఊరుకోలేదు. 1992లో తమ ఊరి సారాయి దుకాణాన్ని నిజంగానే మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారన్నది వేరే కథ, మన పాలకుల కథ. ఇక్కడ గమనించవలసినది ఏమంటే, వలంటీరు "అ ఆ" లు నేర్పటానికి వెళ్లాడు. నేర్చుకున్నవాళ్లు, అతనికి గాని అతన్ని పంపినవాళ్లకు గాని తోచని పని చేశారు. సేవ చేసినవాడి చేతుల్లోంచి పని, సేవ పొందినవాళ్ల చేతుల్లోకి పోయింది. సేవకు ఇంతకంటె సార్థకత లేదు.

ఈ ఉజ్జ్వలమైన అధ్యాయం చెప్పిన తర్వాత, ఆ మాటకు పట్టిన గతి కూడా చెప్పాలి. 1975లో మొదలైన పథకంలో అంగన్‌వాడీ కార్యకర్తలను "గౌరవ" కార్యకర్తలన్నారు. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద వచ్చిన ఆశా కార్యకర్తలను కూడా స్వచ్ఛంద సేవికలనే అన్నారు. రోజంతా పనిచేసే బీద స్త్రీని సేవకురాలన్న పేరుతో పొగిడి, జీతమడిగే హక్కు లేకుండా చెయ్యటానికి ఆ మాట పనికివచ్చింది. అంగన్‌వాడీలకు గ్రాట్యుటీ హక్కు వున్నదని సుప్రీంకోర్టు 2022లో చెప్పవలసి వచ్చింది. 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి వరకు ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు 42 రోజులు సమ్మె చెయ్యవలసి వచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 50 ఇళ్లకొకరు చొప్పున, నెలకు 5,000 రూపాయల గౌరవవేతనం మీద నియమించినవాళ్లకు "వలంటీర్లు" అనే పేరే పెట్టింది. 2024లో ప్రభుత్వం మారాక ఆ ఏర్పాటు ఆగిపోయింది. ఉద్యోగమని నమ్ముకున్నవాళ్లకు, మీరు వలంటీర్లే గదా అన్న మాట మిగిలింది. ప్రభుత్వం తన పనికి జీతమివ్వకుండా తప్పించుకునే చోట మన కుర్రవాణ్ణి ఉచితంగా నిలబెడితే అది సేవ కాదు. పక్కవాడి కూలికి గండి కొట్టటం అవుతుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. ఎక్కడికి వెళ్లాలి? మీ ఊళ్లో శాఖా గ్రంథాలయం వుంటుంది. ప్రభుత్వాస్పత్రి వుంటుంది. హాస్టలు పిల్లలుంటారు. అంధ విద్యార్థులకు పరీక్ష రాసిపెట్టేవాళ్లూ, పాఠాలు చదివి రికార్డు చేసిపెట్టేవాళ్లూ కావాలి. రక్తదానం ఏర్పాటుచేసే బృందాలూ, పింఛను కాయితాలతో తిరిగే ముసలివాళ్లూ వుంటారు. ముందు వారం రోజులు ఏ సంస్థలోనూ చేరకుండా అక్కడికి వెళ్లి కూర్చోండి, చూడండి. ఎవరు ఏం అడుగుతున్నారో వినండి. ఆ అడిగిన పని ఇప్పటికే ఎవరైనా చేస్తున్నారా అని విచారించండి. చేస్తున్నవాళ్లుంటే, మీ ఊరి సంస్థ అదే.

చేరబోయేముందు నాలుగు ప్రశ్నలు వెయ్యండి. మీ తలుపు ఏ వేళ తెరిచి వుంటుంది? నాకు ఏ పని, వారానికి ఎన్ని గంటలు? మీ జమాఖర్చు ఎవరు చూడవచ్చు? నేను చేసే పనికి జీతం తీసుకోవలసినవాడు మరొకడున్నాడా? ఈ ప్రశ్నలకు కోపం తెచ్చుకునే సంస్థకు నమస్కారం పెట్టి వచ్చెయ్యవచ్చు. తర్వాత అయిదో ప్రశ్న వున్నది. దాన్ని ఏడాది గడిచాక, ఎవరికివారే వేసుకోవాలి: నేను ఎవరికోసం వచ్చానో వాళ్లలో ఒక్కరైనా నా పక్కన కూర్చుని ఈ పని చేస్తున్నారా?

చీటీ చదివించుకున్న ముసలమ్మ మూడోసారి నాకు తనే అప్పజెప్పిందని చెప్పాను. మర్నాడు పక్కమంచం మనిషికి ఏ మాత్ర పొద్దున, ఏది రాత్రి అని ఆమే చెబుతూ కనిపించింది. నేను అరటిపళ్లు పంచటం మానేసి, చాలాకాలం ఆ వార్డుకే వెళ్లాను.